చుట్టల దొర

చాన్సరీ లేన్. మార్చి నెలైనా చలి వదలని ఉదయం.
నేను సైలస్ గ్రోకాట్‌ని, రోజు కూలీని.
చదువు రాదు. వీపు వచ్చు.
రోల్స్ చాపెల్లో బెంచీల కింద అరలు తెరిచి
తోలుచుట్టలు మోసి
పెరటి అవతల కొత్త రాతిమేడకు చేర్చాలి.
అక్కడ ఇనప తలుపులు, పలకరాతి అరలు,
దీపం కూడా వెలిగించనివ్వరట.

చుట్టలంటే నోట్లో పెట్టుకునేవి కావు.
ఒక్కోటి విప్పితే ఎవరో రాజుగారి ఒక ఏడాది.
తోలుకి తోలు కుట్టి, మళ్ళీ కుట్టి,
గొర్రె ఎక్కడ ఆగిందో
తగాదా ఎక్కడ మొదలైందో
చేత్తో తడిమితే తెలియదు.

ముసలి గుమాస్తా ఒబడాయా క్లెగ్
లెక్క రాసుకుంటూనే చెబుతాడు:

"మొదట్లో దొరా కాదు, గిరా కాదు.
చాన్సలర్ గారి కింద ఒక రాతగాడు.
పనేమిటయ్యా అంటే చుట్టలకి కాపలా.
ఎలకల్ని తోలడం, తడి తగలకుండా చూడడం,
అడిగినవాడికి అడిగింది వెతికివ్వడం.
చాన్సలర్‌కి జ్వరమొచ్చిన రోజో
రాజు వెంట సముద్రం దాటిన రోజో
వాకిట్లో జనం ఆగరు కదా.
'చుట్టలన్నీ నీ దగ్గరేగా,
ఆ తీర్పేదో నువ్వే చెప్పరాదూ' అన్నారు.
చెప్పాడు.
తాళంచెవి ఉన్నవాడి మాటకి
తలుపులు వింటాయి నాయనా.
వందేళ్ళకి కాపరి దొరయ్యాడు,
ఇంకో రెండొందలేళ్ళకి దొర జడ్జీ అయ్యాడు.
ఎలకలు మాత్రం ఎలకలుగానే ఉన్నాయి."

నిజమే. పదకొండో బెంచీ కింద
ఒకటి దొరికింది, ఎండి వరుగై,
కడుపునిండా చట్టం తిని పడుకుంది.
క్లెగ్ దాన్నీ లెక్కలో రాశాడు.

మా అమ్మ ఆదివారాలు ఇక్కడే కూర్చునేది,
కిటికీ పక్క బెంచీ చివర, నేను ఒళ్ళో.
కింద వేడిగొట్టం. తోలు కాగి
కీర్తనల మధ్యలో గొర్రెలదొడ్డి వాసన.
మనమంతా దేవుడి మంద అని పాదిరీ అన్నప్పుడల్లా
అదే కాబోలు అనుకునేవాణ్ణి.
ఎవరి పొలం గట్టు మీద కూర్చున్నామో,
ఎవరి పెళ్ళాం నగల మీద మోకరిల్లామో
అమ్మకీ తెలియదు.

బలిపీఠం వెనక అరలో
అరచేతి వెడల్పు చుట్ట ఒకటి.
క్లెగ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
"ఇది దొరగారి ఇల్లు కాకముందుది.
మతం మారిన యూదులకి రాజు పెట్టిన సత్రం అప్పుడు.
ఆస్తి రాజుకి, పేరు పాదిరీకి ఇచ్చేసి
రోజుకిన్ని పెన్నీల మీద బతికారు.
మిగతా యూదుల్ని దేశంలోంచే తరిమేశాక
ఇక్కడివాళ్ళు ఒక్కొక్కళ్ళే రాలిపోయారు.
గదులు ఖాళీ అవుతుంటే చుట్టలొచ్చాయి,
చుట్టల వెనకే కాపరి."

"ఎవరి పేరైనా ఉందా?"
వేలు పెట్టి చూపించాడు.
"జోవెట్టా. ముసలిది. చలికాలం బూట్లకి."
పక్కన ఎంతో రాసి, కొట్టేసి ఉంది.
"ఇచ్చారా మరి?"
"అది రాయలేదు" అని
చుట్ట చుట్టేసి నా సంచిలో వేశాడు.
బరువే లేదు.

దీపాల వేళకి అరలన్నీ ఖాళీ.
చుట్టలు పెరడు దాటాయి కానీ
వాటి పేరు దొరగారి ఒంటినే పట్టుకుని ఉండిపోయింది.
రేపు ఆయన కోర్టులోకి వస్తే
అందరూ లేచి నిలబడతారు.

చీపురు పట్టే ముందు
మా అమ్మ చోట కాసేపు కూర్చుందామని
పాత అలవాటు కొద్దీ కూలబడ్డాను.
బెంచీ డొల్లగా మోగింది.
గొట్టం ఎప్పుడు ఆర్పేశారో.
కాళ్ళు పైకి ముడుచుకున్నాను.